గుర్రం నిలబడే ఉంది

కంచుగుర్రం గిట్టకు దారం ముడివేసి, నిచ్చెన మీంచి ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ దిగాడు. దిగేటప్పుడు కుడికాలు మెట్టును తడుముకోవలసి వచ్చింది. దారం చివర వేలాడుతున్న ఇత్తడి గుండు అటూ ఇటూ ఊగుతుంటే రెండు వేళ్ళతో పట్టి ఆపాడు. ఆపి, వేళ్ళు మెల్లగా తీసేసి, దానికేసి చూడకుండా వెనక్కి తిరిగి నడిచాడు. చూడాల్సిన చోటు వేరే ఉంది. బాటలో పరిచిన రాతిపలకల్లో ఒకటి మిగతావాటికన్నా నల్లగా ఉంటుంది. దాని మీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడి, ఎడమకన్ను మూసి, అప్పుడు చూశాడు.



కంచుగుర్రం ముందుకాలు ఒకటి ఎత్తి ఉంటుంది. ఎత్తిన గిట్ట దిమ్మ అంచు దాటి బయటికి వస్తుంది. అక్కడినుంచి వేలాడే దారానికి వెనకాల, దిమ్మ రాతి మీద, నిలువుగా చెక్కిన గీత ఒకటుంది. నల్లపలక మీద నిలబడి చూస్తే దారం ఆ గీతను కప్పెయ్యాలి. కప్పితే గుర్రం నిటారుగా ఉన్నట్టు. ఈ రోజు దారానికి కుడిపక్కన గీత మొత్తం బయటపడి కనిపిస్తోంది. పోయిన వారం అంచు మాత్రమే కనిపించేది. అంటే గుర్రం ఎడమవైపుకి ఒరుగుతోంది. ఎడమవైపు, సరిగ్గా దాని పొట్ట నీడ పడే చోట, చూడవచ్చినవాళ్ళు కూర్చునే రాతిబల్ల ఉంది.

కన్ను నలుపుకుని మళ్ళీ చూశాడు. పక్కకి వెళ్ళి దగ్గి, నీళ్ళు తాగి, ఏమీ ఎరగనట్టు తిరిగి వచ్చి చూశాడు. గీత ఎక్కడికీ పోలేదు. సరిగ్గా ఈ రోజే తోట గేటు తెరిచేది. మధ్యాహ్నానికి బడిపిల్లలు బస్సులో దిగుతారు. దిగగానే పరుగెత్తుకుంటూ వచ్చి ఆ బల్ల మీదే పడతారు.

ఎస్టేటులో అతన్ని అందరూ కంగారయ్య అంటారు, కట్టుకున్న భార్యతో సహా. అనడంలో తప్పేమీ లేదు. మబ్బు పడితే పిడుగు గుర్రం మీదే పడుతుందని బెంగ. ఎండ కాస్తే కంచు పగులుతుందని బెంగ. పావురాలు గుంపుగా వాలితే బరువు ఎక్కువవుతుందేమోనని చప్పట్లు కొట్టి తోలేవాడు. ఒకసారి లావుపాటి అతిథి ఒకాయన దిమ్మకి ఆనుకుని ఫోటో తీయించుకుంటుంటే, ఆయన వెళ్ళేదాకా కంగారయ్య కాలుకాలిన పిల్లిలా ఆ చుట్టుపక్కలే తిరిగాడు. గుర్రాన్ని కడగడం, చిలుము పట్టకుండా మైనం రుద్దడం, రోజూ పొద్దున్నే దారం కట్టి చూడడం, ఇదీ అతని ఉద్యోగం. దిగులు పడమని జీతంలో ఎవరూ కలపలేదు. అది తాతనాటి ఆస్తి.

పెద్ద బంగళా కట్టించిన మొదటి యజమానికి బంగళా ముందు తను గుర్రమెక్కినట్టు విగ్రహం ఉండాలని కోరిక పుట్టింది. కోరిక బాగానే ఉంది గానీ ఆయనకి గుర్రమంటే ప్రాణభయం. రికాబులో కాలు పెట్టగానే కళ్ళు తిరిగేవి. శిల్పి కొన్నాళ్ళు ఓపికపట్టి, ఇక లాభం లేదనుకుని, గుర్రపుశాలలో పనిచేసే కంగారయ్య తాతకి యజమానిగారి కోటు తొడిగి ఎక్కించాడు. యజమానిగారి గుర్రానికి నిలకడ లేదు, అందుకని నీళ్ళబండి లాగే ముసలి ఆడగుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు. దాని జారిన పొట్టని శిల్పి తన చేతిపనితో లోపలికి నొక్కేశాడు గానీ కింది పెదవి సంగతి మరిచిపోయాడు. ఇప్పటికీ ఆ యుద్ధాశ్వం మొహం బావిదగ్గర బిందెలు నిండేదాకా ఆగిన గుర్రంలాగే ఉంటుంది. తలకాయ ఒక్కటీ యజమానిది. కాలరు పైన వాళ్ళు, కాలరు కింద మనవాళ్ళు అని కంగారయ్య ఇంట్లో నవ్వుకునేవారు. నమ్మనివాళ్ళకి రుజువు కూడా ఉంది. కళ్ళెం పట్టుకున్న ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంకర తిరిగి ఉంటుంది. తాతకి అలాగే ఉండేది, నాన్నకి ఉండేది, కంగారయ్యకీ ఉంది.

విగ్రహం నిలబెట్టాక వచ్చిన మొదటి వానలకే దిమ్మ కింద మట్టి కుంగి, గుర్రం రౌతుతో సహా పక్కకి పడింది. అప్పుడు తాత కిందే ఉన్నాడు, రౌతు బూటు తుడుస్తూ. ఆ బూటులో ఉన్నది తన కాలే. అదే కాలు నుజ్జయింది. బతికినన్నాళ్ళూ కుంటుతూనే తిరిగాడు. తన బొమ్మే తన మీద పడిన మనిషి లోకంలో ఇంకొకడు ఉన్నాడో లేదో మనకి తెలియదు. పునాది లోతుగా తవ్వి మళ్ళీ నిలబెట్టినప్పుడు, దిమ్మ మీద గీత చెక్కినవాడూ, నల్లపలక పాతినవాడూ, తాపీపనివాళ్ళ దగ్గర గుండు అడిగి తెచ్చుకున్నవాడూ తాతే. ఏటా గేటు తెరిచే రోజున గుర్రాన్ని చూసుకునే మనిషి యజమాని ముందు నిలబడి "గుర్రం నిలబడే ఉంది" అని నోటితో చెప్పాలి. చెప్పాకే తాళం తీస్తారు. ఆ ఆనవాయితీ పెట్టిందీ తాత కుంటికాలే.

తర్వాత నాన్న. యుద్ధం రోజుల్లో కంచు, ఇత్తడి ఎక్కడ కనిపించినా కరిగించడానికి పట్టుకుపోతున్నారని తెలిసి, నాన్న ఒక్కడే కూర్చుని గుర్రానికి తోక నుంచి టోపీ దాకా సున్నం కొట్టేశాడు. బండి వేసుకుని వచ్చినవాళ్ళు చూసి, సున్నపు బొమ్మేలే అనుకుని, బంగళా గుమ్మానికున్న గంట ఊడబెరుక్కుని పోయారు. యుద్ధం అయిపోయాక ఆ సున్నం గీకడానికే కంగారయ్య చిన్నతనమంతా సరిపోయింది. గుర్రం ఎడమచెవి లోపల ఇంకా కాస్త ఉండిపోయింది. గీకబోతే నాన్న వద్దనేవాడు.

అలాంటి గుర్రం తన చేతుల్లోకి వచ్చాక ఒరుగుతోంది.

నెల కిందట మేనేజరు పిలిచి చెప్పిన మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఎస్టేటు ఇప్పుడు ఏదో కంపెనీది. మేనేజరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. "పాత గుర్రం మీద ఏ కాస్త అనుమానమున్నా చెప్పెయ్యి, దించేసి కొలిమికి పంపేద్దాం. పిల్లలు తిరిగే చోటు, ఏదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. ఒరుగుతోందని చెబితే వచ్చే వారం లారీ వస్తుంది, తాత కోటు, బూటు, వంకర వేలు అన్నీ కొలిమిలో కలుస్తాయి. నిలబడే ఉందని చెబితే ఏ పిల్ల నెత్తిమీదో పడుతుంది. ఏది చెప్పినా ఆ మాట తన నోటితోనే చెప్పాలి.

ఇల్లు పాత గుర్రపుశాల వెనక ఉంది. ఒక గది, ఒక వంటిల్లు. లోపలికి వస్తుంటే కుడిభుజం గుమ్మానికి కొట్టుకుంది. రోజూ కొట్టుకుంటూనే ఉంది. పాత కొంప, గుమ్మం కూడా ఒరిగిందేమో అనుకున్నాడు. గోడమీది అద్దం వంకరగా కనిపించింది. అలవాటుగా దాన్ని సరిచేశాడు.

భార్య బంగళా తెరలు ఇస్త్రీ చేస్తోంది. చేతిలో పెట్టె పక్కన పెట్టి వచ్చి, అతను సరిచేసిన అద్దాన్ని మళ్ళీ మొదటిలాగే తిప్పింది. ఇది కొన్నాళ్ళుగా రోజూ జరుగుతున్న తతంగమే. అతను వంచుతాడు, ఆమె సరిచేస్తుంది. అతని దృష్టిలో ఆమె వంచుతుంది, తను సరిచేస్తాడు.

"ఇవాళ ఎంత?" అంది, మొహం చూడగానే.

"మొత్తం బయటపడిందే. గీత మొత్తం."

"ముందు టీ తాగు. చొక్కా చూడు, ఒకపక్కకి ఎలా జారిపోయిందో. గుండీలు తప్పు పెట్టుకున్నావా?"

గుండీలు సరిగ్గానే ఉన్నాయి. టీ గ్లాసు ఎత్తితే సగం సాసరులో పడింది. ఆమె అతని చేతికేసి చూసింది. చలికాలంలో జ్వరంతో పడుకుని లేచినప్పటినుంచీ ఆ చెయ్యి ఇదివరకటిలా లేదు, కాలూ లేదు. డాక్టరు దగ్గరికి వెళదామంటే గేటు తెరిచాక చూద్దాం అంటాడు. గుర్రానికి పట్టిన జబ్బు తేలేదాకా తన జబ్బు ఊసే ఎత్తనివ్వడు.

"మీ తమ్ముణ్ణి పిలవనా?" అన్నాడు చివరికి.

"నేనే ఫోన్ చేశాను. వస్తున్నాడు."

బావమరిది తాపీమేస్త్రి. పొడుగాటి మనిషి, నోరు ఊరుకోదు. వస్తూనే సంచిలోంచి రసమట్టం తీసి దిమ్మ మీద నాలుగు పక్కలా పెట్టి చూశాడు. గాజుగొట్టంలో బుడగ ఎక్కడ పెట్టినా నడిమధ్యకే వచ్చి ఆగింది.

"చూసుకో బావా. నీ పెళ్ళినాడు నువ్వు కూడా ఇంత నిటారుగా నిలబడలేదు."

"దిమ్మ బాగానే ఉండొచ్చురా. పైన గుర్రం కాలు వంగుతుంటే? మీ మట్టం కాలి లోపలికి వెళ్ళి చూస్తుందా?"

"కాలు వంగితే మోకాలి దగ్గర పగులు రావాలి కదా. రాలేదు. వేలితో తడిమి చూశాను."

"ఆ పలక మీద నిలబడి చూడు. నీకే తెలుస్తుంది."

మేస్త్రి నిలబడి చూశాడు. దారం ఒక్కటే కనిపించింది. ఆ మాటే చెప్పాడు. కంగారయ్య నమ్మలేదు. నీకు తొందరెక్కువ, కుదురుగా నిలబడలేదన్నాడు. ఏ కన్ను మూశావన్నాడు. పొడుగు మనిషివి, నీకు తేడా తెలియదన్నాడు.

"బావా, నేను కట్టిన గోడలు ఊళ్ళో ఇంకా నిలబడే ఉన్నాయి. వాటికోసం నేను ఒక్కరోజు కూడా ఇంత ఇదైపోలేదు."

"అందుకే భయం" అన్నాడు కంగారయ్య. నవ్వించడానికి అన్న మాట కాదు.

మేస్త్రి వెళ్ళి నీడలో కూర్చున్నాడు. కంగారయ్య మాత్రం మైనం గుడ్డ తీసుకుని గుర్రం చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. మోకాళ్ళు తడిమాడు. మడమలు తడిమాడు. దిమ్మకి చెవి ఆనించి విన్నాడు. తన రక్తం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు, దానికీ ఉలిక్కిపడ్డాడు. తలెత్తి చూస్తే రౌతు చెయ్యి, వంకర వేలు. యజమానిగారి తలకాయ ఎక్కడో దూరంగా చూస్తోంది. ఆయనకేం, పైన కూర్చున్నాడు.

గేటు బయట బస్సు వచ్చి ఆగింది. పిల్లల గోల గోడ దాటి వినిపించింది. అదే సమయానికి మేనేజరు కారు దిగి, తాళంచేతుల గుత్తి వేలికి తిప్పుకుంటూ నడిచి వచ్చాడు.

"ఏం కంగారయ్యా, గుర్రం సంగతేంటి?"

ఆ మాట ఎన్ని ఏళ్ళుగా చెబుతున్నాడో. నోరు తెరిచాడు. రాలేదు.

"కాసేపు ఆగండి సార్. ఇంకొక్కసారి చూస్తాను."

మేనేజరు చెయ్యి ఆగిపోయింది. గుర్రం కేసి, బల్ల కేసి, గేటు కేసి చూశాడు. "అనుమానంగా ఉందా? ఉంటే దాచకు. ఇప్పుడే చుట్టూ తాడు కట్టించేస్తాను. పిల్లల్ని అటు చెరువువైపు పంపిద్దాం. మిగతాది వచ్చే వారం తేల్చేద్దాం."

తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. కంగారయ్య మెల్లగా నల్లపలక దగ్గరికి నడిచాడు. పాదాలు దగ్గరగా పెట్టాడు. ఎడమకన్ను మూశాడు. దారం, దాని పక్కనే గీత. పొద్దుటికన్నా ఇంకా ఎడంగా ఉన్నట్టనిపించింది. ఒరుగుతోంది. ఇక చెప్పెయ్యాలి. తాతకి, నాన్నకి మొహం ఎలా చూపించాలో తర్వాత ఆలోచించుకోవచ్చు, ముందు పిల్లలు.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. భార్య. పొద్దుట తాగకుండా వదిలేసిన టీ మళ్ళీ కాచి తెచ్చినట్టుంది, గ్లాసు రాతి మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె తన వీపుకేసి చూస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది.

"నువ్వూ చూస్తావేమిటే?" అన్నాడు తల తిప్పకుండా.

ఆమె దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ అతని భుజాల మీద వేసింది. కుడిభుజం కింద చెయ్యి దూర్చి, బరువు బిందె ఎత్తినట్టు పైకెత్తింది.

"ఏం చేస్తున్నావే, మేనేజరుగారు చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు అటే చూడు. కన్ను తియ్యకు."

చూశాడు. దారం కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు, గాలి లేదు, అయినా దారం మెల్లగా జరుగుతూ వెళ్ళి గీత మీద కూర్చుంది. గీత మాయమైంది. దారం ఒక్కటే మిగిలింది.

ఆమె చేతులు వదిలింది. అతని ఒళ్ళు తనకి తెలియకుండానే కుడివైపుకి జారింది. గీత బయటికొచ్చింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ మాయమైంది.

గుమ్మం, అద్దం, చొక్కా, నిచ్చెన మెట్లు ఒకటొకటిగా అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ ఒరగలేదు.

"నేనా?" అన్నాడు.

"నువ్వే."

"గుర్రం కాదన్నమాట."

"కాదు."

"హమ్మయ్య" అన్నాడు.

ఆ మాట అంత తేలిగ్గా అనేసరికి ఆమె అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. అతను మాత్రం నవ్వాడు. పళ్ళు కనిపించేలా, పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టు నవ్వాడు. పొద్దుట్నుంచీ, నిజానికి తాత కాలు విరిగిననాటి నుంచీ ఆ ఇంటి మగవాళ్ళ గుండెల మీదున్న బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది. మేనేజరు వైపు తిరిగి, మామూలుకన్నా గట్టిగా, గేటు బయట బస్సుకి కూడా వినపడేలా చెప్పాడు.

"గుర్రం నిలబడే ఉంది సార్."

మేనేజరు తాళం తియ్యడానికి వెళ్ళాడు.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అంది భార్య. "ఇంకేం సాకులు చెప్పకు."

"అలాగే" అన్నాడు.

కాపురంలో అతను ఒక్కమాటకే అలాగే అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఎదురుచెబుతాడని సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇన్నేళ్ళూ అతను పడిన కంగారంతా ఇప్పుడు తనలోకి దిగినట్టు అనిపించింది. టీ చల్లారిపోయిందని, వేడిచేసి తెస్తానని ఇంటివైపు నడిచింది. నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

కంగారయ్య వెళ్ళి రాతిబల్ల మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ బల్ల తుడవడమే గానీ దాని మీద కూర్చుని ఎరగడు. నాన్న కూర్చోనిచ్చేవాడు కాదు. ఎండకి రాయి వెచ్చగా ఉంది. తలెత్తితే గుర్రం పొట్ట ఇంత దగ్గరగా, ఇంత పెద్దదిగా ఉంటుందని తెలియదు. శిల్పి లోపలికి నొక్కేసిన పొట్ట కిందినుంచి చూస్తే బాగానే జారి ఉంది. నీళ్ళబండి గుర్రమేనే నువ్వు, అనుకున్నాడు.

పిల్లలు వచ్చిపడ్డారు. ఇద్దరు ముగ్గురు అతని పక్కనే ఎక్కి కూర్చున్నారు. జడలో గడ్డిపరక చిక్కుకున్న ఒక పిల్ల పైకి చూపించి అడిగింది.

"తాతా, ఈయనెవరు?"

"కాలరు పైన యజమానిగారమ్మా. కాలరు కింద మా తాత."

"ఒక్క మనిషేగా?"

"చూడ్డానికి అంతే" అని తన ఎడమచెయ్యి చాపి చూపించాడు. ఆ పిల్ల అతని చిటికెన వేలు చూసి, రౌతు వేలు చూసి, మిగతా పిల్లల్ని కేకేసింది. అందరూ తమ తమ వేళ్ళు వంచి చూసుకుంటూ దిమ్మ చుట్టూ పరుగులు పెట్టారు. దిమ్మని గుద్దుకున్నారు, కాళ్ళతో తన్నారు. కంగారయ్య కాళ్ళు చాపుకున్నాడు. తన్ననీ. గుర్రం ఎక్కడికీ పోదు.

తర్వాత వాళ్ళు చెరువువైపు వెళ్ళిపోయారు. చప్పుడు దూరమైంది. అలవాటు కొద్దీ దేనికైనా దిగులు పడదామని చూశాడు. మబ్బు లేదు. ఎండ మెత్తగా ఉంది. జూలు మీద ఒక పావురం వాలింది, వాలనిచ్చాడు. ఒళ్ళు కుడివైపుకి జారుతున్నట్టు ఈసారి తనకే తెలిసింది. సరిచేసుకోవాలనిపించలేదు. పక్కన బల్ల ఇంకా చాలా ఉంది.

భార్య టీ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అతను గుర్రం నీడలో ఒరిగి కూర్చుని ఉన్నాడు. మళ్ళీ ఒరిగిపోయాడు చూడు, అనుకుని, గ్లాసు కిందపెట్టి, భుజాలు పట్టి నిటారుగా కూర్చోబెట్టింది. తల వచ్చి ఆమె భుజం మీద పడింది. ఇంకోసారి కూర్చోబెట్టింది. ఈసారి కూడా తల అక్కడికే వచ్చింది. అప్పుడామె ఇక సరిచెయ్యకుండా, దాన్ని అలాగే ఉంచుకుని, తమ్ముణ్ణి కేక వేసింది.

పిల్లల బస్సును వెనక దారిన పంపించేశారు. మేస్త్రి, తోటపనివాళ్ళు కలిసి అతన్ని ఇంటికి మోసుకెళ్ళారు. గుమ్మం దగ్గర భుజం తగలకుండా మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల అద్దం ఎవరి చెయ్యో తగిలి వంకరగా తిరిగి ఉంది. భార్య దానికేసి చూసింది గానీ ముట్టుకోలేదు.

పొద్దు వాలుతుండగా మేనేజరు మేస్త్రిని పిలిచి, గుర్రం దగ్గర నిచ్చెన, దారం అలాగే ఉండిపోయాయి, తీసేస్తే బాగుంటుందన్నాడు. రోజూ చూడడం అవగానే దారం విప్పి, గుండుకి చుట్టి, జేబులో వేసుకోవడం కంగారయ్య పద్ధతి. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఈ రోజే మరిచిపోయాడు.

మేస్త్రి వచ్చి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. నిచ్చెన దించి, నల్లపలక మీదికి వెళ్ళి, పొద్దుట బావ చెప్పినట్టు పాదాలు దగ్గరగా పెట్టి, కుదురుగా, తొందర లేకుండా, ఎడమకన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దారం విప్పకుండానే నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎత్తిన గిట్ట కింద ఇత్తడి గుండు కదలకుండా వేలాడుతూ ఉంది, దాని దారం వెనక గీత ఎక్కడా కనిపించలేదు.